ఒకే పేరు, వేర్వేరు గుణాలు: చీజ్ తోడులోని వంగడాల సంగతి

నా చిన్నతనంలో ఒకసారి కావలిలోని మా ఇంట్లో తోడుకు చుక్క పెరుగు కూడా మిగలలేదు. అమ్మ గేదెపాలు కాచి, గోరువెచ్చగా అయ్యాక రెండు గిన్నెల్లో పోసి, ఒకదానికి ఎదురింటివాళ్ల పెరుగు, రెండోదానికి వెనక వీధిలో ఉండే మా అత్త ఇంటి పెరుగు తోడు వేసింది. పాలు ఒక్కటే, వేడి ఒక్కటే, రెండు గిన్నెలూ పెట్టింది ఒకే గూట్లో. తెల్లారి చూస్తే మొదటి గిన్నెలో పెరుగు కత్తితో కోసినట్టు గడ్డగా పేరుకుని, అంచున కాస్త తేట ఊరి, పుల్లగా ఉంది. రెండో గిన్నెలో పెరుగు గరిటెతో పైకెత్తితే తీగలా సాగింది, పులుపు బాగా తక్కువ. కారణమేమిటని అడిగితే అమ్మ "అది వాళ్ల తోడు గుణం" అన్నది. ఆ తర్వాత డెయిరీ సాంకేతికం చదువుకుని, పాలను పులియబెట్టే బ్యాక్టీరియాలతోనే బతుకుతున్న నాకు ఆ మాటకన్నా కచ్చితమైన వివరణ ఇంతవరకు దొరకలేదు. చీజ్ తయారీలో తలెత్తే చిక్కుల్లో చాలావాటికి మూలం ఈ తోడు గుణమే. అది బ్యాక్టీరియా జాతి పేరులో ఉండదు, ఆ జాతిలోని ఒక్కొక్క వంగడంలో ఉంటుంది.

ముందుగా ఒక మాట స్పష్టం చేయాలి. చీజ్‌ను తెలుగులో జున్ను అని రాయడం అలవాటైంది గాని, మనం తినే జున్ను వేరు. ఈనిన గేదె ముర్రుపాలలో బెల్లం, మిరియాలు వేసి ఆవిరి మీద ఉడికిస్తే, వేడికి ఆ పాలలోని మాంసకృత్తులు గట్టిపడి జున్ను అవుతుంది. అందులో బ్యాక్టీరియాకు పని లేదు. పన్నీరులోనూ అంతే, నిమ్మరసమో మరో ఆమ్లమో వేసి పాలను మనమే విరగ్గొడతాం. చీజ్‌లో అలా కాదు. గోరువెచ్చని పాలలో బ్యాక్టీరియా తోడు వేసి, అది పాలలోని చక్కెరను లాక్టిక్ ఆమ్లంగా మారుస్తుండగా రెన్నెట్ అనే ఎంజైముతో పాలను గడ్డ కట్టిస్తారు. ఆ గడ్డను ముక్కలుగా కోసి, తేటను వంచి, ఉప్పు చేర్చి, రకాన్ని బట్టి వారాలో నెలలో మాగబెడతారు. పులుపును కొలిచే అంకెను పీహెచ్ అంటారు, పులుపు పెరిగేకొద్దీ అది తగ్గుతుంది. పాల పీహెచ్ సుమారు 6.6 దగ్గర మొదలవుతుంది. మోజరెల్లా గడ్డను వేడినీళ్లలో సాగదీయాలంటే అది 5.2 దాకా దిగాలి. ఎన్ని గంటల్లో దిగుతుంది, ఎక్కడ ఆగుతుంది, తర్వాత ఏ వాసనలు పుడతాయి అన్నవన్నీ తోడు చేతిలో ఉంటాయి. మాగడం మొదలయ్యే వేళకు ఒక్క గ్రాము చీజ్‌లో సుమారు 100 కోట్ల లాక్టిక్ బ్యాక్టీరియాలు ఉంటాయి.

ఈ బ్యాక్టీరియాల పేర్లు పొడుగ్గా ఉంటాయి కాని తరచుగా వినిపించేవి కొన్నే. చెడ్డార్, గౌడా వంటి చీజ్‌లకు 20 నుంచి 30 డిగ్రీల వేడిని ఇష్టపడే లాక్టోకాకస్ లాక్టిస్, లాక్టోకాకస్ క్రెమోరిస్ వాడతారు. మోజరెల్లా, పార్మెజాన్ వంటివాటికి 40 డిగ్రీలు దాటినా చురుగ్గా ఉండే స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్, లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్, లాక్టోబాసిల్లస్ బల్గారికస్ కావాలి. పొట్లం మీద ఈ జాతి పేరు చూసి తోడు కొనేవారు మన దగ్గర చాలామంది ఉన్నారు. ఆ పేరు వల్ల తెలిసేది చాలా తక్కువ.

నెల్లూరు రైతుకు ఈ విషయం చెప్పడం తేలిక. వరి అనేది జాతి. ఒకప్పుడు ఊరూరా పండిన మొలగొలుకులు వరే, నెల్లూరు వరి పరిశోధన కేంద్రం ఇచ్చిన ఎన్‌ఎల్‌ఆర్ 34449, అంటే నెల్లూరు మసూరి కూడా వరే. పంటకాలం, గింజ సన్నం, అన్నం తీరు, తెగులును తట్టుకునే శక్తి మాత్రం రెండింటికీ వేరు. విత్తనాల కొట్టుకు వెళ్లి "వరి ఇవ్వండి" అని ఎవరూ అడగరు, వంగడం పేరు చెప్పే అడుగుతారు. బ్యాక్టీరియాలో స్ట్రెయిన్ అన్నది వంగడం వంటిది. పోలిక పూర్తిగా సరిపోదన్న మాట కూడా చెప్పాలి, ఎందుకంటే వరి వంగడాన్ని మనిషి ఎంచి పెంచుతాడు, బ్యాక్టీరియాలో మాత్రం మనిషి చూడకుండానే, గిన్నెలోనే, కొన్ని రోజుల్లోనే కొత్త స్ట్రెయిన్లు తయారవుతాయి.

జాతి పేర్లు ఎంత జారుడుగా ఉంటాయో చెప్పడానికి రెండు సంగతులు చాలు. 2020లో శాస్త్రవేత్తలు లాక్టోబాసిల్లస్ అనే ఒక్క ప్రజాతిని, అంటే దగ్గరి జాతుల గుంపును, విడగొట్టి 23 కొత్త ప్రజాతులను ఏర్పరచారు. లాక్టోకాకస్ లాక్టిస్‌లో ఉపజాతిగా ఉండిన క్రెమోరిస్‌ను 2021లో వేరే జాతిగా ప్రకటించారు. ఈ రెంటినీ వేరుచేయడానికి పాత పుస్తకాలు చెప్పిన గుర్తులు ఇవి: లాక్టిస్ 40 డిగ్రీల వేడిలోనూ, 4 శాతం ఉప్పులోనూ పెరుగుతుంది, క్రెమోరిస్ పెరగదు. తీరా జన్యువులను చదివితే, ప్రపంచంలోని అనేక ప్రయోగశాలలు వాడే ఎంజీ 1363 అనే స్ట్రెయిన్ జన్యుపరంగా క్రెమోరిస్, నడవడికలో లాక్టిస్ అని తేలింది. జాతి పేరు ఒక దారి చూపుతుంటే గుణం మరో దారిలో నడుస్తోందన్నమాట.

గుణం ఇలా పక్కకు తొలగడానికి పెద్ద కారణం ప్లాస్మిడ్లు. బ్యాక్టీరియాకు ప్రధానమైన క్రోమోజోము ఒకటి ఉంటుంది. దానికి తోడు, విడిగా తిరిగే చిన్న వలయాకారపు డీఎన్ఏ ముక్కలు కొన్ని ఉంటాయి, వాటినే ప్లాస్మిడ్లు అంటారు. లాక్టోకాకస్‌లో చీజ్ తయారీకి అక్కరకు వచ్చే గుణాలు చాలావరకు ఈ చిన్న వలయాల మీదే ఉన్నాయి. పాలలోని చక్కెర అయిన లాక్టోజును వాడుకునే శక్తి అక్కడే ఉందని అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో లారీ మెకే, ఆయన సహచరులు 1970లలో చూపించారు. పాలలోని కేసిన్ మాంసకృత్తును కోసే ఎంజైము, పాలలో ఉండే సిట్రేటు అనే లవణాన్ని లోపలికి లాక్కునే శక్తి, పెరుగును తీగ సాగించే జిగురు పదార్థం, వైరస్‌ను అడ్డుకునే ఆయుధాలు కూడా తరచుగా ప్లాస్మిడ్ల మీదే కనిపిస్తాయి. చెడ్డార్ తయారీలో పేరుపడ్డ ఎస్‌కే 11 అనే క్రెమోరిస్ స్ట్రెయిన్‌లో ఇలాంటి ప్లాస్మిడ్లు అయిదు ఉన్నాయి. 2001లో జన్యుక్రమం మొత్తం వెల్లడైన తొలి లాక్టోకాకస్, ఐఎల్ 1403, వీటిలో ఒక్కటీ లేని స్ట్రెయిన్.

ప్లాస్మిడ్ పక్క కణానికి అందుతుంది, ఒక్కోసారి జారిపోతుంది కూడా. లాక్టోజు ప్లాస్మిడ్‌ను పోగొట్టుకున్న కణం సూక్ష్మదర్శినిలో తన సోదర కణం మాదిరే కనిపిస్తుంది, జాతిని నిర్ధారించే పరీక్షలోనూ అదే జాతిగా తేలుతుంది, కాని పాలను పులియబెట్టడం దానికి చేతకాదు. మాంసకృత్తును కోసే ఎంజైము లేని కణాలదీ ఇలాంటి కథే. అవి సొంతంగా పాలలో నెమ్మదిగా పెరుగుతాయి, పక్క కణాలు కోసి వదిలిన ముక్కలు తిని నెట్టుకొస్తాయి. ఒక తోడులో ఈ రెండు రకాలూ కలిసి ఉండడం సాధారణం. దీన్ని లోపమనుకోనక్కరలేదు. కోసే శక్తి విపరీతంగా ఉన్న స్ట్రెయిన్లే తోడంతా నిండితే, కేసిన్ నుంచి పుట్టే కొన్ని చిన్న ముక్కలు మిగిలిపోయి చీజ్ చేదెక్కుతుంది. అనుభవజ్ఞులు వేగంగా కోసే స్ట్రెయిన్‌కు నెమ్మదైనదాన్ని జత చేయడం ఇందుకే. మాగే దశలో త్వరగా పగిలిపోయే స్ట్రెయిన్‌ను చేర్చడమూ ఉంది. కణం పగిలితే లోపలి ఎంజైములు బయటికొచ్చి ఆ చేదు ముక్కలను ఇంకా చిన్నవి చేస్తాయి, చేదు తగ్గుతుంది. త్వరగా పగలడమన్నది కూడా స్ట్రెయిన్ స్ట్రెయిన్‌కూ మారే గుణమే.

ఒంగోలు దగ్గర గేదెపాలతో మోజరెల్లా చేసే ఒక చిన్న కేంద్రానికి నేను కొంతకాలం సలహాలిచ్చాను. అక్కడికి మొదట వచ్చిన ఫిర్యాదు రుచి గురించి కాదు, రంగు గురించి. పిజ్జా పొయ్యిలో చీజ్ మీద నల్లటి మచ్చలు లేస్తున్నాయని కొనేవాళ్లు అన్నారు. కారణం తోడులో ఉంది. లాక్టోజు అణువులో గ్లూకోజు, గెలాక్టోజు అనే రెండు చక్కెరలు జతగా ఉంటాయి. స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్ స్ట్రెయిన్లలో అధికభాగం లాక్టోజును లోపలికి తీసుకుని విరిచి, గ్లూకోజును వాడుకుని, గెలాక్టోజును బయటికి నెట్టేస్తాయి. చీజ్‌లో మిగిలిన ఆ గెలాక్టోజు పొయ్యి వేడికి మాంసకృత్తులతో కలిసి గోధుమరంగుకు, ఆపైన నలుపుకు తిరుగుతుంది. మన పల్లెల్లో పిడకల దాలిలో గంటలకొద్దీ కాగిన పాలు ఎరుపెక్కేది కూడా ఈ రకపు చర్య వల్లనే. పాలకు ఆ ఎరుపు అందం, పిజ్జాకు ఆ నలుపు నష్టం. గెలాక్టోజును వాడుకోగల లాక్టోబాసిల్లస్ హెల్వెటికస్‌ను తోడులో కలిపితే, లేదా థర్మోఫిలస్‌లోనే గెలాక్టోజును వాడుకునే అరుదైన స్ట్రెయిన్‌ను ఎంచుకుంటే మచ్చలు తగ్గుతాయి. ఆ కేంద్రంలో అప్పటిదాకా వాడిన పొట్లం మీద, కొత్తగా తెప్పించిన పొట్లం మీద మొదటి పేరు ఒకటే, స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్.

గౌడాలో కనిపించే చిన్న కన్నాలు, వెన్నను గుర్తుచేసే వాసన కూడా స్ట్రెయిన్ల తేడాతోనే వస్తాయి. సిట్రేటును వాడుకోగల లాక్టోకాకస్ స్ట్రెయిన్లు, వాటితోపాటు ల్యూకోనాస్టాక్ అనే మరో రకం లాక్టిక్ బ్యాక్టీరియాలు, డయాసిటైల్ అనే సువాసన పదార్థాన్నీ, కార్బన్ డయాక్సైడ్ వాయువునూ పుట్టిస్తాయి. చెడ్డార్ చేసేవారికి ఆ వాయువు అక్కరలేదు, గడ్డ బిగుతుగా ఉండాలి గనుక అలాంటి స్ట్రెయిన్లను దూరం పెడతారు. ఎమెంటల్ అనే స్విస్ చీజ్‌లోని పెద్ద కన్నాలది వేరే దారి, అవి ప్రొపియానిక్ బ్యాక్టీరియా పని.

ఇంత వైవిధ్యం ఎక్కడిది? లాక్టోకాకస్ మొదట పాలలో పుట్టింది కాదు, మొక్కల మీద బతికేదని ఇప్పుడు ఎక్కువమంది అంగీకరిస్తున్నారు. కేఎఫ్ 147 అనే స్ట్రెయిన్‌ను పెసల మొలకల నుంచి వేరుచేశారు. మొక్కల్లోని రకరకాల చక్కెరలను అది వాడుకోగలదు, పాలలో మాత్రం తడబడుతుంది. నెదర్లాండ్స్ శాస్త్రవేత్తలు దాన్ని పాలలో 1000 తరాలపాటు పెంచి, ఏమైందో 2012లో ప్రచురించారు. పాలలో అది వేగం పుంజుకుంది, మొక్కల మీది బతుకుకు సంబంధించిన శక్తులు కొన్ని సన్నగిల్లాయి. తరతరాలుగా గిన్నె నుంచి గిన్నెకు మారుతూ వచ్చిన మన తోడులోనూ జరిగింది ఇలాంటిదే. థర్మోఫిలస్ ఈ దారిలో మరీ దూరం వెళ్లింది, దాని జన్యువుల్లో సుమారు పదోవంతు ఇప్పుడు పని మానేసిన శిథిలాలు. ఏ గిన్నెలో ఏ జన్యువు పోయింది, ఏది మిగిలింది అన్నది ఆ ఇంటి వేడిని బట్టి, పాలను బట్టి, ఎన్ని గంటలు పులియనిచ్చారన్నదాన్ని బట్టి మారింది. రోహిణి కార్తెలో నెల్లూరు ఎండకు పొద్దున తోడుకున్న పెరుగు సాయంత్రానికి నోట పెట్టలేనంత పులుస్తుంది, ధనుర్మాసంలో అదే గిన్నెకు గుడ్డ చుట్టి పొయ్యి పక్కన పెట్టాల్సి వస్తుంది. ఒక్కో కాలం ఒక్కో స్ట్రెయిన్‌ను పైకి తెస్తుంది.

ఒంగోలు కేంద్రంలో అసలు దెబ్బ ఆ తర్వాత తగిలింది. మూడు వారాలుగా ఒకే రకం పొట్లం తోడుతో పని సాఫీగా సాగుతుండగా, ఒక ఉదయం తొట్టిలో పీహెచ్ 6.3 దగ్గర ఆగిపోయింది. మామూలుగా నాలుగైదు గంటల్లో సాగదీసే దశకు రావలసిన గడ్డ ఎనిమిది గంటలైనా రాలేదు. ముందు అందరూ పాలను అనుమానించారు. పొదుగువాపుకు గేదెలకు వేసిన మందుల అవశేషాలు పాలలో ఉంటే తోడు పనిచేయకపోవడం నిజమే కాబట్టి ఆ అనుమానం సహేతుకమే. నేను ఆ తొట్టి కోసం తెచ్చిన పాలలోంచే ఒక చెంబెడు తీసి, అక్కడ పనిచేసే ఒక అమ్మ ఇంటి పెరుగు తెప్పించి తోడు వేయించాను. ఆరు గంటల్లో చక్కగా తోడుకుంది. తప్పు పాలది కాదని తేలింది. పొట్లంలోని స్ట్రెయిన్‌ను ఫేజ్, అంటే బ్యాక్టీరియా మీద పడి బతికే వైరస్, పట్టుకుంది. ఇంటి పెరుగులో ఉన్నవి వేరే స్ట్రెయిన్లు, ఆ ఫేజ్‌కు అవి లొంగలేదు.

ఫేజ్‌కు ఆహారం ఎంపికలో చాలా పట్టుదల ఉంటుంది. కణం గోడ మీద ఉండే ప్రత్యేకమైన చక్కెర గొలుసులను గుర్తుపట్టి అంటుకుంటుంది, ఆ గొలుసు కాస్త వేరుగా ఉంటే అంటుకోలేదు. అగ్గితెగులు ఒక వంగడాన్ని మాడ్చి, గట్టు అవతలి వంగడాన్ని వదిలేసినట్టే ఇది కూడా. అంటుకున్నాక గంటలోపే కణం పగిలి, పదుల కొద్దీ కొత్త ఫేజ్‌లు బయటపడతాయి. పాశ్చరైజేషన్ వేడికి చావని ఫేజ్‌లు చాలా ఉన్నాయి. తేటలో అవి కోట్లలో ఉంటాయి. మా కేంద్రంలో తేట వంచే కాలవ తొట్టికి రెండు బారల దూరంలో, మూత లేకుండా ఉండేది. తేట తుంపరలు గాలిలో లేచి మరుసటి రోజు పాలలో పడేవి.

చీజ్ ప్రపంచం ఈ పాఠాన్ని చాలా ముందే, ఖరీదుగా నేర్చుకుంది. శస్త్రవైద్యుడు జోసెఫ్ లిస్టర్ పాలను పులియబెట్టే బ్యాక్టీరియాను శుద్ధంగా వేరుచేసిన వివరాలను 1878లో ప్రచురించాడు. శుద్ధమైన తోడు వస్తే చీజ్ రోజూ ఒకేలా వస్తుందన్న ఆశ ఆ తర్వాత బలపడింది. న్యూజిలాండ్‌లో 1930లలో హ్యూ వైట్‌హెడ్, ఆయన సహచరులు ఒకే స్ట్రెయిన్ ఉన్న తోడును చీజ్ తయారీకి వాడారు. చీజ్ నాణ్యత మెరుగైంది, కాని తొట్లు ఉన్నట్టుండి పులియడం మానేశాయి. దానికి కారణం ఫేజ్ అని వైట్‌హెడ్ 1935లో వెల్లడించాడు. అప్పటినుంచి ఆ రంగంలో స్ట్రెయిన్లను వంతులవారీగా మార్చడం, ఒకే ఫేజ్‌కు లొంగని స్ట్రెయిన్లను కలిపి వాడడం, తేటను తొట్ల గదికి దూరంగా ఉంచడం పద్ధతులయ్యాయి. జాతి ఒకటే అయినా ఒకే ఫేజ్‌కు లొంగని రెండు స్ట్రెయిన్లు దొరకడమే ఈ పద్ధతులన్నింటికీ ఆధారం.

బ్యాక్టీరియాలు కూడా చేతులు కట్టుకుని కూర్చోవు. దాడిని తట్టుకున్న కణం ఆ ఫేజ్ డీఎన్ఏలోంచి ఒక చిన్న తునకను కత్తిరించి తన జన్యువుల్లో దాచుకుంటుంది. అదే ఫేజ్ మళ్లీ వస్తే ఆ తునక సాయంతో గుర్తుపట్టి దాని డీఎన్ఏను నరికేస్తుంది. క్రిస్పర్ అని పిలిచే ఈ రక్షణను డానిస్కో సంస్థ పరిశోధకులు 2007లో ప్రయోగంతో రుజువు చేసింది స్ట్రెప్టోకాకస్ థర్మోఫిలస్‌లోనే. నేడు వైద్యరంగంలో జన్యువులను సవరించే పద్ధతిగా క్రిస్పర్ పేరు అందరికీ తెలుసు. దాని మొదటి స్పష్టమైన సాక్ష్యం పెరుగు, చీజ్ తోడుకు వాడే బ్యాక్టీరియా నుంచి వచ్చిందన్న సంగతి నాకు ఎప్పుడు తలచుకున్నా ఎంతో సంతోషం కలిగిస్తుంది. స్ట్రెయిన్ల వైవిధ్యానికి ఇది ఇంకొక మూలం కూడా. ఏ ఫేజ్‌ల చేతిలో దెబ్బలు తిని బయటపడిందో ఆ చరిత్రను బట్టి ఒక్కో స్ట్రెయిన్ దాచుకున్న తునకలు వేరుగా ఉంటాయి, ఆ తునకల వరుసను చదివి స్ట్రెయిన్లను గుర్తుపట్టవచ్చు.

ఈ చిక్కు పాత పద్ధతిలో తోడు నిలుపుకున్నవారిని ఎందుకు అంతగా బాధించలేదో ఇప్పుడు అర్థమవుతుంది. ఇటలీలో పార్మిజానో రెజ్జానో చేసేవారు నేటికీ ముందు రోజు తేటను పులియబెట్టి దాన్నే మరునాటి పాలకు తోడుగా వాడతారు, మన ఇళ్లలో నిన్నటి పెరుగును వాడినట్టే. డచ్‌వాళ్లు గౌడాకు తరాలుగా కాపాడుకుంటూ వచ్చిన ఒక మిశ్రమ తోడును శాస్త్రవేత్తలు విడమరిచి పరిశీలించి 2013లో ఫలితాలు ప్రకటించారు. అందులోని స్ట్రెయిన్లు వేర్వేరు వంశాలవి, ఫేజ్‌కు లొంగే తీరు కూడా ఒక్కోదానిది ఒక్కో రకం. వేగంగా పెరిగే వంశం తోడంతా ఆక్రమించబోతే దాని ఫేజ్‌కు తిండి పెరిగి, ఆ వంశం తగ్గుతుంది. అణగి ఉన్న మరో వంశం ఆ ఖాళీలోకి వస్తుంది, పులుపు ఎక్కడం మాత్రం ఆగదు. అంటే శుద్ధమైన తోడును కూల్చిన ఫేజే, మిశ్రమ తోడులో ఏ ఒక్క స్ట్రెయిన్ మిగతావాటిని మింగేయకుండా కాపలా కాస్తోంది. నా ఉద్దేశంలో ఈ విషయం మొత్తంలో అతి ముఖ్యమైనది ఇదే. మిశ్రమ తోడుకు లోటు లేకపోలేదు. అది రోజుకొక రుచినిస్తుంది, ఉత్పత్తి పెరిగేకొద్దీ లెక్క కట్టడం కష్టమవుతుంది, శుభ్రతలో ఏమరుపాటు జరిగితే అక్కరలేని క్రిములనూ మోసుకొస్తుంది. పెద్ద కర్మాగారాలు నిర్ధారిత స్ట్రెయిన్లను కోరుకోవడంలో తప్పు లేదు. కాని ఆ నిర్ధారిత స్ట్రెయిన్లు కూడా ఎవరో ఒకరి పాత మిశ్రమ తోడులోంచి ఏరి తీసినవే, అవి ఫేజ్‌కు చిక్కినప్పుడు కొత్తవి వెతకాల్సిందీ అక్కడే.

కర్నాల్‌లోని జాతీయ పాడి పరిశోధన సంస్థలో ఇలాంటి బ్యాక్టీరియాలను భద్రపరిచే జాతీయ సేకరణ ఉంది. మన జిల్లాల ఇళ్లలోని తోడుకూ అలాంటి చోటు కావాలని నా కోరిక. ఎండకు ఓర్చుకున్నవి, వెన్నశాతం ఎక్కువగా ఉండే గేదెపాలకు అలవాటుపడ్డవి ఇక్కడే ఉన్నాయి. ఇక్కడి నుంచి బ్రెజిల్ వెళ్లిన ఒంగోలు పశువులు నెలోరే అన్న పేరుతో అక్కడ దేశమంతా విస్తరించాయి, జాతి లక్షణాలను పద్ధతిగా నమోదు చేసుకుంటూ వాళ్లు వాటిని పెంచుకున్నారు. కంటికి కనిపించని వంగడాలను గిన్నెలో ఉన్నప్పుడే నమోదు చేసుకోవాలి.

తీగ సాగిన ఆ పెరుగును నేను ఉద్యోగంలో చేరిన కొత్తలో మా అత్త ఇంటి నుంచి ఒక చిన్న సీసాలో తెచ్చి, పలచన చేసి, బ్యాక్టీరియాను పెంచడానికి వాడే అగార్ పళ్లెం మీద పరిచాను. రెండు రోజులకు లేచిన తెల్లటి చుక్కలను తీగకొసతో ఒక్కొక్కటే తాకి పైకి లాగాను. కొన్ని అంగుళం పొడవున దారంలా సాగాయి, ఆనుకుని ఉన్నవి తెగి ఊరుకున్నాయి. పరీక్షిస్తే రెండు రకాలూ లాక్టోకాకస్ లాక్టిసే. సాగినదాన్ని 37 డిగ్రీల వద్ద మళ్లీ మళ్లీ పెంచుతూ పోగా, కొన్ని వారాలకు అది కూడా సాగడం మానేసింది, వేడికి ఆ ప్లాస్మిడ్ జారిపోయింది. మళ్లీ తోడు తెచ్చుకుందామని కావలి వెళితే, అత్త వాళ్లు ప్యాకెట్ పెరుగుకు మారి అప్పటికి నాలుగు నెలలైంది. మొదటి వారంలో, గడ్డకట్టినా కణాలు చావకుండా కాపాడే గ్లిసరాల్ కలిపి మైనస్ 80 డిగ్రీల వద్ద దాచిన ఆరు చిన్న గొట్టాల్లో మాత్రం అది ఇంకా ఉంది. పోయిన ఏడాది ఒక గొట్టం కరిగించి, గేదెపాలలో వేసి, 28 డిగ్రీల వద్ద ఒక రాత్రి ఉంచాను. తెల్లారి గరిటెతో పైకెత్తితే తీగ సాగింది.